ఏడుపు ఘాటుకా, బాధకా?

మిరపకోతల కాలం. ప్రత్తిపాడు దాటాక ఒక ఊరి బయట, పొలం గట్టున పట్టాలు కప్పి వేసుకున్న గుడిసెల దగ్గర కూర్చుని, నేను రాసిన పిల్లల కథ ఒకటి చదివి వినిపిస్తున్నాను. వినేవాళ్లు ఏడెనిమిది మంది పిల్లలు. అందరూ కర్నూలు జిల్లా కోసిగి వైపు నుంచి అమ్మానాన్నలతో వచ్చినవాళ్లే. కథలో పిల్లదీ ఆ వైపే. పదేళ్లుంటాయి. కాయలు కోస్తూ కోస్తూ ఏడుస్తుంది. చేతులు మండుతుంటే వాళ్లమ్మ బిందెతో నీళ్లు తెచ్చి కడుగుతుంది. పిల్ల ఇంకా ఏడుస్తుంది. ఆ చోట నా గొంతు కూడా కాస్త వణికించాను, అబద్ధమెందుకు.

ముందు కూర్చున్న ఒక పిల్ల, చంకలో తమ్ముడు, నన్ను ఆపి అడిగింది. “ఆ పాప ఏడుస్తాండాది కదా మేడం, ఘాటుకా, బాధకా?”

నా దగ్గర జవాబు లేదు. రాసినప్పుడు ఆ ప్రశ్నే రాలేదు. పిల్లే చెప్పుకుపోయింది. “కోసేటప్పుడు కండ్లల్లో నీళ్లు రావు మేడం. ఎండినంక కల్లంలో కూర్చుంటే వస్తాయి. చేతులు మండితే నూనె పూస్తారు. నీళ్లు పోస్తే మంట యాడికీ పోదు.”

ఆ పిల్ల చెప్పింది అక్షరాలా రసాయనశాస్త్రం. మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కొవ్వులో కరుగుతుంది. అందుకే మన ఇళ్లలో కారం ఎక్కువైతే మంచినీళ్లకంటే మజ్జిగ పనిచేస్తుంది. గుంటూరులో పుట్టి, గుంటూరు కారం తిని, బ్రాడీపేటలో కూర్చుని కథలు రాసే నాకు ఇది గుర్తుకు రాలేదంటే కారణం ఒకటే. నేను ఆ సన్నివేశం మిరపచేను గురించి రాయలేదు. ఏడుపు గురించి రాశాను. మిరపచేను దానికి వెనక తెర.

పేద పిల్లల బతుకుల మీద పిల్లల కోసం రాసే పుస్తకాలకి ప్రపంచంలో పెద్ద అలమరానే ఉంది. లండన్‌లోనో టొరంటోలోనో ఉండే రచయిత ఆఫ్రికాకో మన దేశానికో వచ్చి, నెల రోజులుండి, ఒక పిల్ల కథ రాస్తారు. చివర్లో చీర, రొట్టె, అమ్మమ్మ అన్న మాటలకి అర్థాల పట్టిక ఉంటుంది. మనం చదివి, మన బతుకు వీళ్లకేం తెలుసు అని విసుక్కుంటాం. ఆ విసుగులో న్యాయం ఉంది. కాకపోతే బ్రాడీపేట నుంచి ఆ గట్టు దాకా గంట ప్రయాణం కూడా లేదు. పాస్‌పోర్టు అక్కర్లేదు, వీసా అక్కర్లేదు. అయినా ఆ పిల్ల ముందు నేనూ టొరంటో నుంచి వచ్చినదాన్నే. వాళ్ల మాట నాకు సగమే అర్థమవుతోంది. యాడికి, ఏంటికి, ఉండాది అంటుంటే నవ్వొస్తోంది కూడా.

అసలు ‘అభివృద్ధి చెందుతున్న దేశం’ అన్న మాటకే గట్టి నిర్వచనం లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థలో అయితే ఏ దేశానికి ఆ దేశమే అలా ప్రకటించుకోవచ్చు. ప్రపంచ బ్యాంకు 2016లో తన ప్రధాన గణాంకాల పుస్తకంలో అభివృద్ధి చెందిన, చెందుతున్న అన్న విభజన వదిలేసి, దేశాల్ని తలసరి ఆదాయాన్ని బట్టి నాలుగు మెట్లుగా పేరుస్తోంది. అందులో మనది దిగువ మధ్యాదాయ మెట్టు. ఆ మెట్టు మీద విజయవాడ బెంజి సర్కిల్ అపార్టుమెంటులో లిఫ్టు దిగి స్కూలు బస్సెక్కే పిల్లా ఉంది, ఈ గట్టు మీద పిల్లా ఉంది. దేశం పేరు చెప్పి బాల్యం గురించి రాసే మొదటి వాక్యంలోనే ఇద్దరిలో ఒకరు తప్పిపోతారు. సాధారణంగా లిఫ్టు పిల్లే తప్పిపోతుంది. పేద దేశం అనగానే చదివేవాళ్లకి కావలసింది గట్టు మీది పిల్లే కదా.

(ఇందులో ఇంకో చిక్కు ఉంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల హాస్టళ్లలో తెల్లవారుజామున లేచి రాత్రి పది దాకా పుస్తకాల ముందు కూర్చునే పిల్లల మీద ‘పోయిన బాల్యం’ అని కథ రాస్తే ఎవరూ కన్నీళ్లు పెట్టుకోరు. ర్యాంకు ఎంత అని అడుగుతారు. అది వేరే వ్యాసం.)

కాబట్టి నేను కథ పక్కన పెట్టి, ముందు ఆ పిల్ల అక్కడికి ఎలా వచ్చిందో తెలుసుకోవడం మొదలుపెట్టాను. నిజానికి చేయాల్సిన పని అదే. జాలి అందరికీ ఉంటుంది. పని ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లే తక్కువ.

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆదోని చుట్టుపక్కల ఊళ్లలో ఈ వలసకి ఒక పేరుంది. సుగ్గి. కన్నడంలో సుగ్గి అంటే కోతల కాలం, పంట ఇంటికొచ్చే పండగ. సరిహద్దు దాటి ఇటు వచ్చేసరికి ఆ మాటకి అర్థం తలకిందులైంది. ఇల్లు వదిలి వేరేవాళ్ల పంట దగ్గరికి పోవడం సుగ్గి అయింది. అటు తుంగభద్ర పక్కనే పారుతున్నా చాలా పొలాలు వాన కోసమే చూస్తాయి. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక, ఆ పంట కూడా వస్తే, చేతికి పని ఉండదు. సరిగ్గా అప్పుడే ఇటు గుంటూరు, పల్నాడు నల్లరేగళ్లలో మిరప ఎర్రబడుతుంది. మిరపకాయ అంతా ఒకేసారి పండదు. ఒక కోత అయ్యాక ఇంకో కోత, ఆపైన ఇంకోటి. ప్రతిసారీ పండినవి ఏరి, చేత్తోనే కోయాలి. చుట్టుపక్కల ఊళ్లన్నిటిలో ఆ వారాల్లోనే పండుతుంది కాబట్టి ఇక్కడి కూలీలు చాలరు. అందుకని మేస్త్రి అటు వెళ్లి మాట్లాడుకుని, ముందుగా కొంత డబ్బిచ్చి, మనుషుల్ని తీసుకొస్తాడు. జొన్నలు, బియ్యం, పొయ్యి సామాను, కోళ్లతో సహా కుటుంబం లారీ ఎక్కుతుంది. తలుపుకి తాళం పడుతుంది. తాళం వేసిన ఇంట్లో పిల్లని వదిలి రాలేరు కదా.

ఇక్కడిదాకా పేపర్లో చదువుతూనే ఉంటాం. కథకి కావలసింది దీని తర్వాత ఉంది.

కూలి రోజుకి ఇంత అని ఉండదు. కిలోకి ఇంత. సాయంత్రం గోతాలు గట్టు మీదకి చేరతాయి, కాటా వేస్తారు, మేస్త్రి పుస్తకంలో ఇంటి పెద్ద పేరు పక్కన కిలోలు రాస్తాడు. లెక్క కోసం కిలోకి 10 రూపాయలు అనుకుందాం. తల్లి ఒక్కతే 40 కిలోలు కోస్తే 400. పక్క సాలులో పదేళ్ల కూతురు 10 కిలోలు కోసి అదే గోతంలో పోస్తే 500. పుస్తకంలో తల్లి పేరే ఉంటుంది, 50 కిలోలే ఉంటాయి. ఆ 10 కిలోలు ఎవరి చేతులవో కాటాకి తెలియదు. పిల్లకి పని ఇచ్చిన మనిషి లేడు, కూలి ఇచ్చిన మనిషి లేడు, సంతకం లేదు. రైతుని అడిగితే, “మేం పిల్లల్ని రమ్మనలేదమ్మా, వాళ్లమ్మ వెంట వచ్చారు,” అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. రోజుకూలి అయితే పిల్ల వచ్చినా రాకపోయినా తల్లికి అంతే డబ్బు. అప్పుడు పిల్లని చేలోకి తేవడంలో లాభం లేదు. కిలో లెక్క వచ్చేసరికి ప్రతి చిన్న చెయ్యీ డబ్బవుతుంది. పైగా ముందే తీసుకున్న అడ్వాన్సు తీరాలి. తల్లికి మనసు లేకో, రైతు దుర్మార్గుడయ్యో జరిగేది కాదిది. కూలి లెక్కకట్టే పద్ధతిలోనే ఉంది.

కాయ రకాన్ని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. తేజ కాయ సన్నగా, చిన్నగా ఉంటుంది. అదే కిలోకి ఎక్కువ కాయలు కోయాలి. మొదటి కోతలో చెట్టు నిండా ఉంటాయి, చివరి కోతలో వెతుక్కోవాలి. అప్పుడు పిల్లల చేతులు ఇంకా అవసరమవుతాయి. మిరపచెట్టు పెద్దవాళ్ల నడుము దాకా ఉంటుంది, అందుకే రోజంతా వంగి పనిచేయాలి, పిల్లలకి అంత వంగే పని లేదు అంటారు. పత్తి విత్తనాల చేలలో ఆడపిల్లల్ని పెట్టుకునేవాళ్లు కూడా ఇదే మాట అనేవారు, చిన్న వేళ్లు పువ్వుకి దెబ్బ తగలనివ్వవు అని. పిల్లల శరీరాన్ని పొగిడే ఇలాంటి మాట ఎక్కడ వినిపించినా ఆ పక్కనే కూలి తక్కువ ఇచ్చే లెక్క ఉందేమోనని చూసుకోవాలి.

ఇంకో సంగతి ఆ పిల్ల చంకలోనే ఉంది. నా కథలో పిల్లకి తమ్ముడు లేడు. ఉంటే కథ అడ్డదిడ్డం అవుతుందని నేనే తీసేశాను. అక్కడ చూస్తే సగం మంది పిల్లలు చేసే పని కోత కాదు. తమ్ముణ్నో చెల్లినో ఆడించడం, గుడిసె కాపలా, పొయ్యి మీద అన్నం చూడటం. తల్లి 40 కిలోలు కోయగలుగుతోందంటే ఈ పిల్ల చంటివాణ్ని మోస్తోంది కాబట్టే. ఇది ఏ కాటా మీదకీ రాదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టం కొన్ని ప్రమాదకరమైన పనుల్ని మాత్రమే 14 ఏళ్ల లోపు పిల్లలకి నిషేధించింది. 2016 సవరణతో ఆ వయసువాళ్లకి అన్ని పనులూ నిషేధం. 14 నుంచి 18 మధ్యవాళ్లకి ప్రమాదకరమైన పనులు నిషేధం. మినహాయింపులు రెండు. ఒకటి సినిమా, టీవీల్లాంటి చోట కళాకారులుగా. రెండోది, బడి అయ్యాకో సెలవుల్లోనో సొంత కుటుంబానికి, కుటుంబ వ్యాపారానికి సాయపడటం. గట్టు మీది పిల్ల ఈ రెండో కిటికీలోంచి జారిపోతుంది. పొలం వాళ్లది కాదు, కాబట్టి కుటుంబ పని అనడానికి లేదు. చేస్తున్నది తల్లికి సాయం, కాబట్టి కూలి అని ఒప్పుకునేవాళ్లు లేరు. బడి అయ్యాక అనడానికి బడే లేదు.

లెక్కల్లోనూ ఇంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 5 నుంచి 14 ఏళ్ల వయసులో పనిచేసే పిల్లలు 1.01 కోట్లు. వాళ్లలో ప్రధాన కార్మికులుగా నమోదైనవాళ్లు 43.5 లక్షలే. ఏడాదిలో ఆరు నెలలకి తక్కువ పనిచేసినవాళ్లు ఉపాంత కార్మికులు. సుగ్గికి వచ్చే పిల్ల మూడు నాలుగు నెలలే పనిచేస్తుంది. లెక్కకి వస్తే గిస్తే ఈ రెండో గడిలోకి వస్తుంది. ప్రపంచం మొత్తం మీద చూసినా, 2024కి 13.8 కోట్ల మంది పిల్లలు బాలకార్మికులని అంతర్జాతీయ కార్మిక సంస్థ, యునిసెఫ్ కలిసి వేసిన అంచనా. అందులో 61 శాతం వ్యవసాయంలోనే. కానీ పుస్తకాల అట్టల మీద కనిపించేది టీకొట్టు, ఇటుకబట్టీ, తివాచీ మగ్గం. పొలంలో పిల్ల కనపడితే మనకి పల్లెటూరి అందం కనపడుతుంది.

మరి బడి? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అందులో ఒక సెక్షను నాకు ఈ గొడవలో పడ్డాకే తెలిసింది. పిల్ల ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారితే అక్కడి బడిలో చేరే హక్కు ఉంది. పాత బడి టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. అంటే కోసిగి పిల్ల జనవరిలో ప్రత్తిపాడు పక్కన బడిలో హాయిగా కూర్చోవచ్చు. కాగితం మీద. అక్కడ టీచరు పేరు కొట్టేయడానికి ఇష్టపడరు, వీళ్లు తిరిగి వస్తారుగా అని. ఇక్కడ టీచరు కొత్తగా రాసుకోవడానికి ఇష్టపడరు, వీళ్లు వెళ్లిపోతారుగా అని. ఇద్దరి మాటా నిజమే. ఆ రెండు నిజాల మధ్య పిల్ల మూడు నెలలు గట్టు మీద ఉంటుంది. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం 2020 జనవరిలో మొదలుపెట్టిన అమ్మఒడి డబ్బుకి 75 శాతం హాజరు షరతు పెట్టారు. పది నెలల బడిలో మూడు నెలలు పోతే మిగిలేది 70 శాతం. వేలు మడిచి లెక్క చూడండి.

వలస ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు పెడతారు. తల్లిదండ్రులు సుగ్గికి పోతే పిల్లలు అక్కడే ఉండి, తిని, చదువుకోవచ్చు. మంచి ఏర్పాటే. అయితే మన పిల్ల హాస్టల్లో ఉంటే తమ్ముణ్ని ఎవరు ఎత్తుకుంటారు? వాళ్లమ్మ నాతో అన్నది ఇంతే. “దీన్ని ఆడ ఇడిసి వస్తే వాణ్ని చేలో యాడ పడుకోబెట్టేది మేడం?” ఆ ఊళ్లో అంగన్‌వాడీ ఉంది. పొలానికి దూరం, పిల్లాడి పేరు అక్కడ లేదు.

ఈ చిక్కంతా తెలిశాక కథకి ముగింపు ఎలా రాయాలన్నది అసలు సమస్య అయింది. ఇలాంటి కథలకి ఖాయమైన ముగింపు ఒకటుంది. ఎవరో మంచి టీచరు లేదా పట్నం అక్క వస్తుంది, పిల్ల చేతికి పలక వస్తుంది, తెల్లారేసరికి యూనిఫాం వేసుకుని బడికి పోతుంది. నా మొదటి కథా అంతే. పట్నం అక్క ఎవరో చెప్పక్కర్లేదు. బడి ముగింపు తప్పని నేను అనను. మన తెలుగు నేల మీదే దానికి గట్టి ఆధారం ఉంది. ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టి, బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న ఒక్క సూత్రం పట్టుకుని పనిచేసింది. ఇంటి పని, చంటిపిల్లల్ని ఎత్తుకునే పని కూడా పనే అని లెక్కలోకి తెచ్చింది వాళ్లే. ఆ పనికే, దాన్ని నడిపించిన శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. తేడా ఎక్కడంటే, వాళ్లు ఒక్కొక్క ఊళ్లో నెలల తరబడి తల్లిదండ్రులతో, రైతులతో, పంచాయతీతో, టీచర్లతో మాట్లాడితే ఒక పిల్ల బడికి వచ్చేది. కథలో అది ఒక పేరాలో అయిపోతుంది. చదివే పిల్ల ఏమనుకుంటుంది? ఇంత సులువైతే వీళ్లమ్మానాన్నా ముందే ఎందుకు పంపలేదు, వాళ్లకి పిల్లంటే ప్రేమ లేదేమో అనుకుంటుంది. రచయిత ఆ మాట ఎక్కడా రాయకపోయినా చదివే పిల్ల మనసులో అదే మిగులుతుంది.

మన పిల్లల సాహిత్యంలో పేదరికం కొత్త కాదు. తెనాలి మనిషి చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామని మరో తెనాలివాడు కొడవటిగంటి కుటుంబరావు మూడు దశాబ్దాలకి దగ్గరగా నడిపారు. ఆ కథల్లో బీదవాడు లేని సంచిక ఉండదు. అయితే మూడో పేజీకి నిధి దొరికేది, లేదా రాజుగారు తెలివికి మెచ్చుకునేవారు. ఆ దూరం తెలిసి పెట్టుకున్నదే, అనగనగా అంటే అది ఇక్కడ కాదు, ఇప్పుడు కాదు అని అర్థం. చిక్కు ఎక్కడొచ్చిందంటే, అనగనగా తీసేసి ఊరి పేరు, పంట పేరు పెట్టిన మాలాంటివాళ్లం కూడా నిధిని వదల్లేదు. దాన్ని బడిబ్యాగులో పెట్టాం.

నాకు దారి చూపించినవి ఇంకోరకం పుస్తకాలు. విజయవాడ ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్ల ముందు వంగి వెతికినవాళ్లకి ఇది తెలుసు. ప్రగతి, రాదుగ అనే సోవియట్ ప్రచురణాలయాల పిల్లల పుస్తకాలు, నిగనిగలాడే అట్టలు, చవకే చవక. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వీయార్ లాంటివాళ్లు మాస్కోలో కూర్చుని తెలుగు చేసేవారు. రాజకీయం సంగతి పక్కన పెడితే వాటిలో ఒక గుణం ఉంది. పని ఎలా జరుగుతుందో చెప్పేవి. రొట్టె ఎలా కాలుతుంది, గుర్రానికి నాడా ఎలా కొడతారు, మంచులో బండి ఎందుకు ఆగింది. ఆ పిల్లలు పేదవాళ్లని మాకెవరూ చెప్పలేదు. వాళ్లు ఏదో ఒకటి చేస్తుండేవారు, మేం చూస్తుండేవాళ్లం. చినిగిన బూటు గురించి మాకే తెలిసేది.

అలా రాద్దామని కూర్చుంటే ఇంకో ముల్లు గుచ్చుకుంది. పనిని పనిలా చూపిస్తే ఆ పిల్లకి పని మీద ఉన్న గర్వం కూడా చూపించాలి. నేను ఎన్ని కోశానో తెలుసా అని వాళ్లు పోటీలు పెట్టుకుంటారు. ఆ గర్వాన్ని దాచేస్తే పిల్ల బొమ్మవుతుంది. మరీ మెరిపిస్తే, చూశారా ఎంత సంతోషంగా ఉన్నారో అనేవాళ్లకి ఆయుధం ఇచ్చినట్టవుతుంది. చివరికి నేను చేసిందేమిటంటే, గర్వం పక్కనే కాటా పెట్టాను. పిల్ల 10 కిలోలు కోసి ఎగిరి గంతేస్తుంది, పుస్తకంలో అమ్మ పేరు పక్కన 50 అని పడుతుంది, నావి ఎక్కడ అని అడుగుతుంది. మేస్త్రి నవ్వుతాడు. అక్కడ నేను ఒక్క మాట కూడా కలపలేదు.

అట్ట దగ్గర పెద్ద రగడే జరిగింది. ఒక ప్రచురణకర్త కథ తీసుకుంటానని, అట్ట మీదకి ఆ పిల్లల ఫొటో ఒకటి పంపమన్నారు. “కళ్లల్లో నీళ్లుంటే బాగుంటుందండీ, ఎగ్జిబిషన్లో కంటికి ఆనుతుంది.” జువెనైల్ జస్టిస్ చట్టం 2015లో 74వ సెక్షను ఉంది. దర్యాప్తు, విచారణల గురించి రాసేటప్పుడు రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, వాళ్లెవరో తెలిసిపోయే ఏ వివరమూ బయటపెట్టకూడదు. ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇక్కడ కేసేమీ లేకపోయినా, చట్టవిరుద్ధంగా పనిలో ఉన్న పిల్ల ‘రక్షణ అవసరమైన పిల్ల’ అన్న నిర్వచనంలోకే వస్తుంది. విజయవాడ స్టేషన్‌లో రైలు దిగి ప్లాట్‌ఫారాల మీద బతికే పిల్లల గురించి రాసేవాళ్లు కూడా ఇక్కడే కాలు జారతారు. అక్కడ 1989 నుంచి నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలు పనిచేస్తున్నాయి. ఇంటి నుంచి పారిపోయి వచ్చిన పిల్లాడి అసలు పేరు, ఊరు కథలో పడితే, వాడు ఎవర్నుంచి పారిపోయాడో వాళ్లకి చిరునామా ఇచ్చినట్టే. ఫొటో ఇవ్వనన్నాను. పుస్తకం ఆగిపోయింది. ఐదొందల కాపీలు నేనే వేసుకున్నాను. తెలుగులో పిల్లల పుస్తకం రాసేవాళ్లకి ఇదేం వింత కాదు, సగం సభల్లో పంచిపెడతాం.

పేర్ల విషయంలో, ఓపిక విషయంలో కూడా, నాకు నచ్చిన పని కథకులది కాదు, పరిశోధకులది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం ఇథియోపియా, పెరూ, వియత్నాంలతో పాటు మన తెలుగు రాష్ట్రాల్లో మొత్తం 12,000 మంది పిల్లల్ని 2002 నుంచి చూస్తూ వస్తోంది. మన దగ్గర 3,000 మంది. శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, కడప, అనంతపురం కూడా ఆ జిల్లాల్లో ఉన్నాయి. చంటిపిల్లలుగా చూసినవాళ్లనే, మళ్లీ మళ్లీ వెళ్లి, వాళ్లకి మీసాలొచ్చి పెళ్లిళ్లయ్యే దాకా అడిగారు. ఏం తిన్నావు, బడికి పోయావా, ఏం పని చేశావు, ఏమవుదామనుకున్నావు. బయటికి చెప్పేటప్పుడు పేర్లు మార్చేశారు. ఇరవై ఏళ్లు. నేను ఒక సాయంత్రం వెళ్లి కథ రాశాను. అంత కాలం ఎవరూ ఆగలేరు, సరే. రెండోసారి వెళ్లడం మాత్రం ఎవరికైనా సాధ్యమే. 1989 నాటి బాలల హక్కుల ఒప్పందం 12వ అధికరణం తమకి సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలంటుంది. మన దేశం 1992లో ఆ ఒప్పందంలో చేరింది. కోర్టులూ కమిటీలూ వినాలని దాని ఉద్దేశం కావచ్చు, కథకులకి మినహాయింపు మాత్రం ఎక్కడా రాసి లేదు.

భాష సంగతి ఇంకా తేలలేదు. పిల్ల మాటలు కోసిగి మాటలుగానే ఉంచాను, కథనం నా గుంటూరు తెలుగులో ఉంది. అంటే మళ్లీ నేను చెప్తున్నాను, ఆ పిల్ల మాట్లాడుతోంది. మొత్తం ఆ యాసలో రాసే హక్కు నాకుందా అంటే, రాయడం రాదు అన్నది నిజమైన జవాబు. పైగా ఆ పుస్తకం కొనేది బ్రాడీపేట, మొగల్రాజపురం తల్లిదండ్రులు. పిల్ల ‘యాడికి’ అనగానే వాళ్ల పిల్లలు నవ్వుతారు. నవ్వనీ అని వదిలేశాను. నాకూ మొదట నవ్వొచ్చింది.

ఫిబ్రవరిలో మళ్లీ ఆ గట్టుకి వెళ్లాను. గుడిసెలు రెండు తగ్గాయి. ఆ పిల్ల ఉంది, తమ్ముడు ఇప్పుడు తప్పటడుగులు వేస్తున్నాడు, వాడి నడుముకి చీర కొంగు ముక్క కట్టి, రెండో కొన తన చేతికి చుట్టుకుంది. కొత్త కథ చదివాను. నూనె దగ్గర తలూపింది. తమ్ముడు వచ్చినచోట మిగతా పిల్లలు ఆమె వైపు చూసి నవ్వారు. కాటా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎత్తింది.

“పది అని రాసినావు మేడం. పదేళ్ల పాప పదే కోస్తాదా?”

“మరి ఎన్ని రాయమంటావు?”

లోలోపల లెక్కేసుకుంది. తమ్ముడు కొంగు లాగుతుంటే వాణ్ని వెనక్కి గుంజి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

“పన్నెండు రాసుకో. నిన్నటివి.”